బావ ముందు, నేను యాభై అడుగుల వెనక

మా బావ మునిరత్నం ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా పనిచేశాడు. రిటైరైన ఏడాదికే పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ రెండు నెలల్లో కుదుటపడ్డాయి, మాటా తిరిగి వచ్చింది. చదువు మాత్రం పోయింది. అక్షరాలు కనిపిస్తాయి కానీ అవి ఏవో తెలియదు. విచిత్రం ఏమిటంటే రాయగలడు. తన పేరు చక్కగా రాస్తాడు, కాసేపాగి ఆ కాగితమే చూపిస్తే "ఎవురిదబ్బా ఇది?" అంటాడు.

నేను చిత్తూరులో దుకాణాలకు బోర్డులు రాసి బతికేవాణ్ణి. నేను రాసిన బోర్డు కిందే నిలబడి ఆయన ఆ దుకాణం ఎక్కడని అడిగిన రోజు నాకు అన్నం సయించలేదు.

తిరుపతిలో చదువు మళ్లీ నేర్పించే డాక్టరమ్మ ఉంది. వారానికోసారి వెళ్లాలి. మూడు వారాలు అక్క తీసుకెళ్లింది. ఆ తరువాత బావ ఒంటరిగా వెళతానని పట్టుబట్టాడు. అక్క ఒక షరతు పెట్టింది.

"నువ్వు ఎనకాలే పో. నువ్వు దోవ సూపిస్తే మాత్రం అంతే, ఇంక ఒక్కణ్ణే పంపేది లేదు" అంది నాతో.

అలా ఒక గురువారం ఉదయం ఏడు గంటలకు చిత్తూరు స్టేషన్లో ప్యాసింజరు రైలు ఎక్కాము. కిటికీ పక్క సీట్లు దొరికాయి. మామిడి తోటలు దాటుకుంటూ బండి పాకాల చేరేసరికి ఎనిమిది కావస్తోంది. అక్కడ ఒకామె కూరగాయల సంచితో ఎక్కి బావనే చూస్తూ కూర్చుంది.

"నువ్వు పూతలపట్టు బస్సు కండక్టరువి కాదాన్నా? నా సంచికి ఎప్పుడూ లగేజీ టికెట్టు కొట్టేవాడివి" అంది నవ్వుతూ.

బావ ముఖం వెలిగిపోయింది. ఆమె జాకెట్లోంచి మడతపెట్టిన చీటీ తీసింది. "ఈ అడ్రసు యాడొస్తాదో రోంత సూసి సెప్పన్నా."

బావ చీటీ తీసుకుని చాలాసేపు పట్టుకున్నాడు. చివరికి "అద్దాలు తేలేదమ్మా" అని నాకిచ్చాడు. అద్దాలు ఆయన జేబులోనే ఉన్నాయి. నేను చదివి దారి చెప్పాను. ఆ తరువాత చంద్రగిరి కోట కనిపించేదాకా బావ జేబులోని అద్దాలను తడుముకుంటూ కూర్చున్నాడు.

తొమ్మిదింబావుకు తిరుపతిలో దిగాము. స్టేషన్ బయటికి రాగానే బావ చెయ్యెత్తి నన్ను ఆపాడు. "ఈడ్నించి నువ్వు ఎనక్కి ఉండు."

తిరుపతికి వెళ్లేవారికి నేను చెప్పేదొకటే. స్టేషన్ బయట బోర్డులు వెతక్కండి, ముందు తల ఎత్తండి. ఎదురుగా గోవిందరాజస్వామి గోపురం, దాని వెనక ఊరికి ఉత్తరమంతా అడ్డంగా కొండ. బావ అదే చేశాడు. గోపురం దాకా ఆగకుండా నడిచాడు. అక్కడి నుంచి కొండను ఎదురుగా పెట్టుకుని, పూల కొట్ల వాసన మధ్య, ఆటోలకు అడ్డం తగలకుండా తీరుబడిగా సాగాడు. నడిచే తీరులో కండక్టరు దర్పం తిరిగొచ్చింది. వెనక నాకు ఎంత హాయిగా అనిపించిందో!

ఇక ఆయనకు కావలసింది ఒకటే గుర్తు. పొడవాటి గోడ మీద జింకల మంద బొమ్మ. ఆఖరి జింక పక్క సందులోనే డాక్టరమ్మ ఆసుపత్రి అని అక్క నాకు ముందే చెప్పింది.

ఆ గోడ నాకు ముందే కనిపించింది. జింకలు లేవు. గోడంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. కొత్త బొమ్మ వేయడానికి ముందు పూసే తెలుపు అది, నాకు తెలియని పనా!

బావ దాన్ని దాటి వెళ్లిపోయాడు. రెండు మలుపులు తిరిగాడు. మేడలు దగ్గరగా ఉన్న సందులోకి వచ్చాక కొండ కూడా కనిపించడం మానేసింది. ఒకే రంగు గేట్లు, ఒకే తీరు మెట్లు. ఆగిపోయి చుట్టూ చూశాడు. అప్పుడే నా ఫోను మోగింది, అక్క.

"యాడుండాడు?"

"ముందర పోతా ఉండాడు."

"నిజంగానా?"

"నిజమే అక్కా" అని పెట్టేశాను. బావ వెనక్కి తిరిగాడు, నన్ను చూశాడు. ఆ చూపుకు నా చెయ్యి దానంతటదే లేవబోయింది. జేబులో కుక్కుకున్నాను. పిలుస్తాడేమోనని చూశాను. పిలవలేదు. తలొంచుకుని నా పక్క నుంచే, వచ్చిన దారిన వెనక్కి నడిచాడు. కొండ మళ్లీ కనబడే మలుపు దాకా వెళ్లి, అటూ ఇటూ పరికించి, తెల్ల గోడ దగ్గరికి వచ్చాడు. అప్పటికి నిచ్చెన మీద ఒకమ్మాయి బ్రష్షుతో పని చేస్తోంది. నేను మాటలు వినబడేంత దూరంలో ఆగాను.

"ఏమ్మా, ఈడ జింకలు ఉండె కదా?"

"ఈ గోడే పెద్దాయనా. పాత బొమ్మ పెచ్చులూడిపోతే కొత్తది ఏస్తా ఉండాము. నువ్వు యాడికి పోవాల? ఆ మూల బోర్డుండాది సూడు."

బావ గొంతు సవరించుకున్నాడు. "నాకు సదవను రాదమ్మా. జబ్బు సేసి పోయింది. జింకల పక్క సందులో ఆస్పత్రికి పోవాల."

ముప్పై ఏళ్లు ఊరందరికీ ఊళ్ల పేర్లు కేకేసి చెప్పిన మనిషి. నేను గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

"అయితే బోర్డు వద్దులే. ఈ గోడ అయిపోతానే కుడి పక్కకి తిరుగు" అందా అమ్మాయి. బావ వెంటనే కదల్లేదు, ఆమెతో ఇంకేదో మాట్లాడి వెళ్లాడు; ఆటోల రొదలో అది నాకు వినబడలేదు. పదింబావుకల్లా ఆసుపత్రి బెంచీ మీద ఉన్నాడు.

పన్నెండున్నరకు బస్టాండు దగ్గర మెస్సులో భోజనం చేశాము. గోడ మీది వంటకాల పట్టిక జోలికి పోకుండా, పక్క మనిషి విస్తరి చూపించి "ఆయప్ప ఆకులో ఉండేదే నాకూ పెట్టు" అన్నాడు బావ. ఒకటిన్నరకు చిత్తూరు బస్సు ఎక్కాము.

ఊరి రోడ్ల మీద మనిషి అక్షరాలు చూసే నడుస్తాడని ఇన్నేళ్లూ అనుకున్నాను. నా అన్నం వాటిదే కాబట్టి అలా అనుకోవడం సులభం. కానీ ఆ రోజు మా బావను నడిపించింది కొండ, గోపురం. ఆయన గుర్తుపెట్టుకున్నవన్నీ చూడముచ్చటైనవే. తికమకపడింది ఏ అందమూ లేని ఆ సందులో ఒక్కచోటే.

పూతలపట్టు దాటాక అక్క ఫోను చేసింది. ఈసారి దాచలేదు. దారి తప్పాడని, తనే వెనక్కి వచ్చాడని, అడిగి వెళ్లాడని చెప్పాను.

"అడిగినాడా? మీ బావ? సరే, ఇంక ఒక్కణ్ణే పోనీలే" అంది.

ఆ మాట చెబితే బావ తలూపి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"ఆ గోడమీద ఏం బొమ్మ ఏస్తారో అడిగినావా?" అన్నాడు కాసేపటికి.

"లేదు బావా."

"నేను అడిగినాను. నెమళ్లంట. వచ్చే వారం సూసొచ్చి, ఎట్ల ఉండాదో నీకు సెప్తాలే."