షెడ్యూలులో మనిషికి చోటు

మొన్న మంగళవారం పొద్దున్నే జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఫోన్ వచ్చింది. ఒకప్పుడు ఖతార్‌లో మాతో పనిచేసిన మిషన్ ఆపరేటర్. "సార్, మన ఫోర్‌మన్ అన్న పోయిండు" అన్నాడు. రెండు నెలలుగా మంచాన ఉన్నాడట, నాకు తెలియదు. ఎవరని మా ఆవిడ అడిగితే, నాకు పని నేర్పిన మనిషి అని మాత్రం చెప్పగలిగాను.

తొంభైల మధ్యలో మాట. దోహా శివారులో ప్లాస్టిక్ పైపుల ఫ్యాక్టరీ. నేను కాకినాడ నుంచి కొత్తగా దిగిన ప్లానింగ్ ఇంజనీరుని. ఏ మిషన్ మీద ఏ రోజు ఏ సైజు పైపు తీయాలో పెద్ద బోర్డు మీద రాయడం నా పని. ఫోర్‌మన్ చదివింది ఏడో తరగతి. కానీ మిషన్ చప్పుడు విని ఎక్కడ నలతగా ఉందో చెప్పేవాడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా వెచ్చని మిషన్ మీదే పెట్టుకునేవాడు. నేను మెసైమీర్‌లోని నా గదిలో వండుకోకుండా వచ్చిన రోజు కనిపెట్టి, అడగకుండానే సగం అన్నం నా వైపు తోసేవాడు.

గోడౌన్‌లో సరుకు పోగుపెట్టడం దండగని, ఏ రోజుకు కావలసింది ఆ రోజుకు వస్తే చాలని నేను చదువుకుని వచ్చాను. మేనేజరుకూ అది నచ్చింది. పైపులు తీసే ప్లాస్టిక్ గుళికల నిల్వను నెల నుంచి నాలుగు రోజులకు దించాను. బోర్డు మీద గంట ఖాళీ లేకుండా నింపాను.

ఫోర్‌మన్ చాలాసేపు బోర్డు చూసి అడిగాడు. "అంత మంచిగనే ఉంది సార్. రేపు ఎవనికన్న జరమొస్తే యాడ రాస్తరు?"

నేను నవ్వేశాను. బండి నిండ నింపినోనికి మలుపుకాడ తెలుస్తదని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆగస్టులో తెలిసింది. గుళికలు తెచ్చే ఓడ ఎక్కడో ఆగిపోయింది. ఏజెంటుకు ఎప్పుడు ఫోన్ చేసినా బుక్రా అనేవాడు, అంటే రేపని. ఆ రేపు పదమూడు రోజులకు గానీ రాలేదు. నాలుగు రోజుల్లో నిల్వ అయిపోయి తొమ్మిది రోజులు మిషన్లు ఆగాయి. నేను ఫోన్ దగ్గరే కూర్చున్నాను. ఫోర్‌మన్ మాత్రం ఎవరినీ ఊరికే కూర్చోనివ్వలేదు. ఒకరి మిషన్ పని ఇంకొకరికి నేర్పించాడు. నన్నూ పిలిచి చేతికి గ్లౌజులిచ్చాడు. అచ్చు విప్పి వేరే సైజు అచ్చు బిగించడం నాకప్పుడే తెలిసింది. బోర్డు మీద నేను రెండు గంటలని రాసే పనికి నిజంగా అయిదు గంటలు పడుతుందనీ అప్పుడే తెలిసింది.

గుళికలు రాగానే, ఆగిపోయిన పెద్ద ఆర్డరు పూర్తి కావాలని మేనేజరు అందరి సెలవులూ రద్దు చేశాడు. మొన్న ఫోన్ చేసిన ఆపరేటర్ ఆ శుక్రవారమే ఇంటికి వెళ్ళాలి. అతను వచ్చాక పుట్టిన కూతురికి రెండేళ్ళు నిండాయి, ఇంకా చూడలేదు. సెలవు రద్దని విని అతను మిషన్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఫోర్‌మన్ నన్ను వెంటబెట్టుకుని మేనేజరు గదికి వెళ్ళాడు. పైపులను చిన్న సైజు నుంచి పెద్ద సైజుకు వరసగా తీస్తే అచ్చులు మార్చడం తగ్గుతుందని, రెండు రోజులు కలిసొస్తాయని హిందీలో వివరించాడు. ఆ ఆపరేటర్ మిషన్ మీద తానూ ఇంకో ఇద్దరూ వంతులవారీగా నిలబడతామన్నాడు. ఇంత నష్టం ఎవరి ప్లాన్ వల్లని మేనేజరు నిలదీస్తే, ఇద్దరం కలిసే చూశామని జవాబిచ్చాడు. నేను నోరు విప్పలేదు. సెలవు మాత్రం మంజూరైంది.

శుక్రవారం పొద్దున వర్కర్లు ఉండే క్యాంపుకు వెళ్ళాను. గదిలో ఫోర్‌మన్ ఒక్కడే మంచం మీద కూర్చుని, టేప్ రికార్డర్ ముందు పెట్టుకుని భార్యతో మాట్లాడుతున్నాడు. ఉత్తరం రాయడం కంటే ఆయనకు అదే తేలిక. ఊరికి వెళ్ళే ఆపరేటర్ చేతికి ఆ క్యాసెట్టు ఇచ్చి పంపాలి. నన్ను చూసి, కూర్చోమని పక్కన చోటు చూపించాడు.

"తప్పు నాదన్నా. ఆ రోజు మేనేజరు ముందు చెప్పలేకపోయాను" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "మేం గూడ గిట్లనే నేర్సినం సార్. మళ్ల రాసేటప్పుడు మనిషికింత జాగ పెట్టుండ్రి, సాలు."

ఆ ఆర్డరు చివరికి ఒక రోజు ఆలస్యంగా వెళ్ళింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత ఎన్ని ఫ్యాక్టరీల్లో ఎన్ని షెడ్యూళ్ళు రాశానో. ముందు సెలవులు రాసి, ఆ మిగిలిన రోజుల్లోనే మిషన్లను ఇరికించాను.

ఆ శుక్రవారం పొద్దున మాత్రం నేను ఆయన పక్కనే కూర్చుండిపోయాను. బయట ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు. నేను వచ్చినప్పుడు టేప్ ఆపడం ఆయన మరిచిపోయాడు. ఇద్దరి మధ్యా క్యాసెట్టు చక్రాలు నెమ్మదిగా తిరుగుతూనే ఉన్నాయి.