నోట్లో గుండుసూదులు

మా ఆయన దర్జీ. పనిచేస్తున్నంతసేపూ ఆయన పెదాల మధ్య నాలుగు గుండుసూదులు ఉంటాయి. ఎవరేమడిగినా "ఊఁ" అంటారు, అంతే. వీధిలో మూగదర్జీ అని పేరు పెట్టారు. పక్కనే కూర్చుని బొత్తాలు కుట్టే నేను మాత్రం వాగుడుకాయను. ఇంట్లో ఒక్కరైనా మాట్లాడాలి కదా అని నా వాదన.

పోస్టుమాన్ మాకు పాత పరిచయం. నన్ను వదినా అంటాడు. భార్య పోయాక కూతురిని ఒక్కడే పెంచాడు. ఆ పిల్ల పెద్ద ఉద్యోగం పరీక్షకి మూడేళ్లుగా చదువుతోంది. వయసు దాటిపోతోంది కాబట్టి ఈసారే ఆఖరు. "నా సంచి నా కూతురి భుజానికి ఎక్కకూడదు వదినా" అనేవాడు.

ఆ ఏడు అతను యూనిఫాం చొక్కా పట్టుకుని మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ మా ఆయన భుజాలకీ ఛాతీకీ లోపల మరో వరస గుడ్డ వేసి కుట్టారు. ఎందుకని అడిగితే "ఊఁ" అన్నారు. నాకు ఒళ్లు మండింది. కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పని రహస్యమేమిటి?

పరీక్ష నాలుగు రోజులుందనగా ఆ పిల్ల చొక్కా తీసుకెళ్లడానికి వచ్చింది. ఆయన భోజనానికి వెళ్లారు. కొలతల పుస్తకం నా ఎదుటే ఉంది. చూడకుండా ఉంటానా?

"ఏమ్మా, మీ నాన్న చిక్కి సగమయ్యాడే. ఆర్నెల్లలో ఛాతీ ఐదంగుళాలు తగ్గింది. ఏ ఆస్పత్రిలో చూపిస్తున్నారు?"

పిల్ల మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఆస్పత్రేంటి పెద్దమ్మా?" అంది. చొక్కా తిరగేసి లోపలి గుడ్డ తడిమింది. దాన్ని పట్టుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం సంగతి విని ఆయన నోట్లోని సూదులు తీసి బల్లమీద పెట్టారు. "జబ్బు ముదిరిపోయిందట. పరీక్ష అయ్యేదాకా అమ్మాయికి తెలియనివ్వొద్దు అన్నయ్యా అని నా చెయ్యి పట్టుకున్నాడు" అన్నారు. ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ పిల్ల పరీక్ష రాయలేదు. తండ్రి ఎంత బతిమాలినా ఆస్పత్రి మంచం పక్కనుంచి కదల్లేదు. నలభై రోజులకు అతను పోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు కానీ నోరు జారితే తీసుకోలేమని మా కోడలికి వందసార్లు చెప్పినదాన్ని నేను. సిగ్గుతో చితికిపోయాను.

రెండు నెలలకు ఆ పిల్ల మళ్లీ వచ్చింది. తండ్రి ఉద్యోగం తనకిచ్చారట. అదే చొక్కా బల్లమీద పెట్టింది.

"కొత్తది ఇస్తామన్నారు పెద్దనాన్నా. నాకు ఇదే కావాలి. నా కొలతకి సరిచెయ్యండి. లోపలి గుడ్డ మాత్రం తియ్యకండి."

తెలియక అన్నానని, నాకు ముందే చెప్పుంటే అనేదాన్ని కానని, రెండు నెలలుగా కూడబెట్టుకున్న మాటలన్నీ గొంతుదాకా వచ్చాయి. అవన్నీ నా బరువు దించుకోవడానికే గానీ ఆ పిల్లకి పనికొచ్చేవి కావు.

"నా తప్పేనమ్మా" అన్నాను. ఆమె తలూపింది.

మా ఆయన టేపు కోసం చెయ్యి చాపారు. నేనివ్వలేదు. డబ్బాలోంచి నాలుగు గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకుని, రేపటినుంచి సంచి మోయబోయే ఆ భుజాన్ని నేనే కొలిచాను.