ఒక్క నిమిషంలో ముగిసిన పోటీ

వాషర్‌మెన్‌పేట్‌లో మా వీధి చివర ఇడ్లీలమ్మే అక్క ఎవరితో మాట్లాడినా తలెత్తేది కాదు. చూపంతా పొయ్యి మీదే. ఆమె భర్త రాయపురం బాక్సింగ్ పోటీల్లో పదిహేనేళ్లు గెలిచినవాడు. తొంభైల్లో ఒకసారి ఎవరో కుర్రాడి చేతిలో నిమిషంలోనే పడిపోయాడు.

మర్నాడు పొద్దున ఆమె కొట్టు ముందే ఇడ్లీలు తింటూ వాదించుకున్నాం.

“కాలు జారిందిరా,” అన్నాడు మావాడొకడు.

“లే, కావాలనే పడినాడు,” అన్నాను.

అక్క తలెత్తి నన్నే చూసింది.

“ఆయనకి ఎడం కన్ను కనపడక రెండేండ్లాయె, తమ్ముడా. ఆ దెబ్బ వచ్చేదే చూళ్లేదు.”

“మరెందుకు పోనిచ్చినావక్కా?”

“ఆడ మీరంతా పేరు పెట్టి అరుస్తారే, అది వినాలని పోతాడు. నేనెట్ల ఆపేది?”

అంతలో ఆయనే లోపల్నుంచి వచ్చి, నిన్నటి పోటీ చూశావా అని నన్నడిగాడు.

“చూసినానన్నా. ఆ దెబ్బకి ఎవురైనా పడాల్సిందే,” అన్నాను.

అక్క నా ఆకులో ఇంకో ఇడ్లీ వేసింది.