అప్పలమ్మ కడియాల దగ్గర అరిచిన యంత్రం

మీ చేతిలోని యంత్రం నిజమే చెబుతోందని మీరెప్పుడైనా పరీక్షించి చూశారా? నేను చూడలేదు. అందుకే గరివిడి పక్క పల్లెలో, మా అక్క పెరట్లో, ఊరంతా చూస్తుండగా నా పరువును పారతో తవ్విపోసుకున్నాను.

అరవయ్యో దశకం చివరి మాట. మూఢనమ్మకాలను తిట్టడానికి మైకు దొరికితే వదలని వయసు నాది. అక్క బంగారు ఉంగరం పెరట్లోనే ఎక్కడో పోయింది. ఇంట్లో పనికి వచ్చే అప్పలమ్మ మీద అనుమానం. అంజనం వేసి దొంగను చూపించే మనిషిని రాజాం నుంచి రప్పిస్తానంది అక్క. అతను వేలెత్తి చూపాడంటే అప్పలమ్మకు ఆ ఊళ్లో ఇక కూలి దొరకదు.

"అంజనం వద్దు, సైన్సు తెస్తాను!" అని విశాఖపట్నం పరుగెత్తాను. పాత మిలటరీ సామాను అమ్మే కొట్లో లోహాన్ని కనిపెట్టే యంత్రాలు మూడు రకాలున్నాయి. చిన్నది ఆటబొమ్మలా ఉంది, పెద్దదాన్ని మోయడానికి ఇద్దరు కావాలి. మధ్యరకం తీసుకున్నాను. పొడుగాటి కర్ర, దాని చివర చేటంత పళ్లెం, చెవులకు తగిలించుకునే డిప్పలు, ఒక బ్యాటరీ పెట్టె.

"బంగారాన్ని పట్టుకుంటుందా?"

"ఏ లోహమైనా కూస్తాది బాబూ!" అన్నాడు కొట్టువాడు.

ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది. అడగలేదు. ఉబ్బిపోయి బస్సెక్కాను.

పెరట్లో పళ్లెం ఆడించగానే చెవుల్లో పిల్లుల కొట్లాట మొదలైంది. తవ్వాం. మేకు. మరోచోట ఎద్దు నాడా. ఇంకోచోట నల్లటి మాంగనీసు రాళ్లు తప్ప ఏమీ లేవు. ఆ నేలలోనే లోహముంది మరి! మందుపాతరలను వెతకడానికి పుట్టిన యంత్రానికి అదీ శత్రువే. మధ్యాహ్నానికి పెరట్లో పందికొక్కులు మహాసభ జరుపుకున్నట్టుంది.

"ఒరే బావమరిదీ, ఉంగరం ఎతుకుతన్నావా, నుయ్యి తవ్వుతన్నావా?" అన్నాడు బావ.

సరిగ్గా అప్పుడే అప్పలమ్మ గంజి చెంబుతో నా పక్కగా వెళ్లింది. చెవులు చిల్లులు పడేలా కూత! "ఇక్కడే!" అని గావుకేక పెట్టాను. కర్ర ఆమె వైపే ఉంది.

"సూసినారా! మిసనే సెప్పీసింది!" అంది అక్క.

ఎవరిని కాపాడదామని వచ్చానో ఆమెనే దొంగను చేశాను. అంజనం మనిషి కూడా ఇంత వేగంగా తేల్చడు.

అప్పలమ్మ చెంబు దించింది. "ఏటి బాబూ, నా కాళ్ల కడియాలు మాయమ్మ ఎట్టినవి. ఆ పళ్లేన్ని ఓపాలి మీ కాళ్లకాడ ఎట్టండి, సూద్దాం."

పెట్టాను. నా బూట్ల అడుగున అన్నీ మేకులే.

"ఏటంటాది?"

"నన్నూ దొంగే అంటోంది."

బావ బెల్టు దగ్గర పెట్టాను. ఆయనా దొంగే. అక్క బొడ్లోని తాళాల గుత్తి దగ్గరైతే డిప్పలు ఊడబెరుక్కోవలసి వచ్చింది.

"ఇంటిల్లిపాదీ దొంగలే! మరి ఉంగరం పోయినోలెవులు?" అంది అప్పలమ్మ. ఊరు ఊరంతా నవ్వింది.

సాయంత్రం వంటకని అక్క పొయ్యిలో బూడిద తీసింది. కాలిన పిడకలోంచి ఉంగరం రాలింది. గోడకు పిడకలు కొడుతున్నప్పుడు ఆమె వేలి నుంచే జారిందన్నమాట! నేలంతా తవ్విన మేధావి గోడ వంక చూడనేలేదు.

"తప్పైపోనాదే అప్పలమ్మా" అంది అక్క.

"సర్లెండమ్మా. గోతులు మాత్రం నాను పూడ్సను. ఆ బాబునే పూడ్సమనండి."

పూడ్చాను. పరీక్షించని యంత్రానికి ఈ జన్మలో చెవులప్పగించనని పార పట్టుకుని ప్రమాణం చేశాను. మీరూ మధ్యరకం కొనబోతే కొట్టువాణ్ణి నిలదీయండి. ఇనుముకూ బంగారానికీ తేడా చెబుతుందా? నేల చేసే గోలను తగ్గించే మీట ఉందా? ఉంగరమంత చిన్నదాన్ని పట్టే పళ్లెం ఉందా? అతని జవాబునూ నమ్మకండి. మీ ఉంగరాన్నీ ఒక మేకునూ అక్కడే నేలమీద పడేసి తేల్చమనండి. తేల్చలేకపోతే, ఆ కర్రను ఏ మనిషి వైపూ ఎత్తకండి!