ముందు వరసలో కూర్చోబెట్టిన దారం

ఆ యూదు మార్మిక గురువు నన్ను చూడగానే వేదిక దిగివచ్చి నా పాదం తాకాడని చాలాకాలం చెప్పుకున్నాను. తాకిన మాట నిజమే. దిగేటప్పుడు చూసుకోక నా కాలు తొక్కాడు.

అమెరికాలో, ఐసెలిన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్న రోజులవి. ఒక సాయంత్రం నడకకు వెళ్లి, చలికి తాళలేక ఎదురుగా కనబడిన హాలులో దూరాను. అక్కడ గురువు తన పాత శిష్యులకు స్వయంగా మణికట్టుకు ఎర్రదారం కడతాడట. నా చేతికేమో ముందురోజు గుళ్లో సత్యనారాయణ వ్రతంలో పంతులుగారు కట్టిన ఎర్రదారం ఉంది. గుమ్మం దగ్గరి పెద్దావిడ అది చూసి, నన్ను ఎక్కడినుంచో వచ్చిన పాత శిష్యుడనుకుని ముందు వరసలో కూర్చోబెట్టింది. కాదని చెబుదామని నోరు తెరిచేలోగా చేతిలో కేకు పెట్టింది. నోరు దానికి పనికొచ్చింది.

ఆ తర్వాత దారం పాతబడినప్పుడల్లా గుళ్లో ఇంకోటి కట్టించుకునేవాణ్ణి.

ఒకప్పుడు బేకరీ మీది గదిలో పాఠం చెప్పిన మనిషి, అప్పటికి హోటల్ హాళ్లు నింపుతున్నాడు. ఆయన సీడీలు జనం కార్లలో పెట్టుకుని వినేవారు. గొంతు గోరువెచ్చని పాలలా ఉండేది. సృష్టి మొదట్లో వెలుగు పాత్రల్లో ఇమడలేక అవి పగిలిపోయాయనీ, ఆ వెలుగు తునకలు మనందరిలోనూ ఉన్నాయనీ చెప్పేవాడు. కిటికీ అవతల మంచు రాలుతుంటే ఆ తునకలే మెల్లగా దిగుతున్నట్టుండేది. నేను కళ్లు మూసుకుని ధ్యానంలో తేలిపోయేవాణ్ణి. సరే, నిద్రపోయేవాణ్ణి. నా గురకను పక్కావిడ మంత్రమనుకునేది.

మా పక్కింట్లో తెనాలి నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ అమ్మాయి అద్దెకుండేది. నా గొప్పలు విని తనూ రావడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు గురువు ఆమె ఎడమచేతికి దారం కట్టాడు.

ఒకరోజు ఇద్దరం ఆమె కారులో క్లాసుకు బయల్దేరాం. హాలు ముందు కారు నిలిపి ఆమె ఇంజిన్ ఆపలేదు.

"అంకుల్, నేను లోపలికి రాను. మొన్న ప్రైవేట్ సెషన్ అని పిలిచారు. ముడి మళ్లీ కట్టాలని డోర్ క్లోజ్ చేశారు. మనిద్దరి సోల్స్ ఒకే తునకలోంచి వచ్చాయంటూ దగ్గరకి లాక్కున్నారు. తోసేసి వచ్చేశాను."

అద్దం మీద వైపర్లు అటూ ఇటూ ఆడుతున్నాయి.

"కంప్లయింట్ చేశాను. ఈ క్లాసులు నడిపే కమిటీ వాళ్లు సండే రమ్మన్నారు. ఆయన భావం నాకు అర్థం కాలేదంటున్నారు. ఒక్కదాన్నే వెళ్తే ఎవరూ నమ్మరు అంకుల్. మీరొస్తారా?"

ఆదివారం నాకు మోకాలి నొప్పి వచ్చేలా ఉందని ఇంట్లో అన్నాను.

"ముందు వరసలో కూర్చుని కేకులు తిన్నారుగా," అంది మా ఆవిడ. "అప్పుడు లేని మోకాలు ఇప్పుడెక్కణ్ణించి వచ్చిందండీ?"

వెళ్లాను.

కమిటీవాళ్లు మర్యాదగా కాఫీలిచ్చారు. ఆ అమ్మాయి చెప్పిందంతా విన్నారు. వాళ్లలో పెద్దాయన చిరునవ్వుతో, "మీ దేశంలో గురువు స్పర్శను ఆశీర్వాదమనే అనుకుంటారు కదా?" అన్నాడు. ఆమె తలొంచుకుంది. ఆయన నావైపు తిరిగాడు. "మీరు ఆయనకు పాత శిష్యులు. మీరే చెప్పండి."

అప్పుడు నేను సింహంలా లేచి గర్జించాననీ, గోడలు అదిరాయనీ మా మనవడికి చెప్పాను. అదిరింది నా గొంతే. లేవలేదు కూడా. కుర్చీలోంచే చెయ్యి చాపాను.

"ఇది మీ గురువు కట్టింది కాదండీ. మా గుళ్లో పంతులుగారు కట్టారు. మీవన్నీ ఎడమచేతికి, నాది కుడిచేతికి. ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు. నేను ఎవరికీ శిష్యుణ్ణి కాను. మా పంతులుగారు కట్టేటప్పుడు తలుపులు బార్లా తీసున్నాయి, మా ఆవిడ పక్కనే ఉంది. తలుపేసుకుని కట్టే ఆశీర్వాదం మా దేశంలో లేదు. ఈ అమ్మాయి చెప్పింది నిజం."

ఆపైన మంచినీళ్లడిగాను.

నీళ్లు తెచ్చింది గుమ్మం దగ్గరి పెద్దావిడే. గ్లాసు నా చేతికివ్వకుండా అలాగే పట్టుకుని తన ఎడమచేతి దారం వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఆ అమ్మాయి పక్కన కూర్చుని, "మా అమ్మాయి కూడా ఇదే చెప్పింది. నేనే నమ్మలేదు," అంది.

పెద్దాయన చిరునవ్వు ఆగిపోయింది.

ఆ హాలులో మళ్లీ పాఠాలు జరగలేదు. గురువు ఏవో అపార్థాలకు చింతిస్తున్నానని చెప్పి ఊరు మారాడు. ఇంకో రాష్ట్రంలో మళ్లీ మొదలెట్టాడని విన్నాను. ఇది పెంచి చెప్పడం లేదు, పెంచాల్సిన అవసరం లేదు.

ఆ ఆదివారం తిరిగివస్తూ మనవాళ్ల కొట్లుండే ఓక్ ట్రీ రోడ్డులో టీకి ఆగాం. ఆమె చేతికి దారం లేదు. ఎప్పుడు తీసిందో నేను చూడలేదు. బయట మంచు పడుతోంది.

"అంకుల్, నిజం చెప్పండి. మీరు ఒక్కసారైనా మెడిటేషన్ చేశారా?"

"లేదమ్మా. నిద్రే."

టీ ఒలికిపోయేలా నవ్వింది.