మాచిపత్రి దిండు

మా బాపుకు చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు. చెబితే నవ్వుతారు గానీ, సిరిసిల్ల నుంచి వలసొచ్చిన గోడాదరాలో మా ఇల్లు మరమగ్గాల మీదే ఉంది. వాటిని మేం సాంచాలంటాం. కింద సాంచాలు ఆడుతుంటే పైన నేల, మంచం, గిన్నెలు అన్నీ వణికేవి. రాత్రి షిఫ్టు చేసి పొద్దున వచ్చిన బాపు ఆ వణుకులోనే హాయిగా గురక పెట్టేవాడు. కరెంటు పోయి సాంచాలు ఆగితే మాత్రం ఉలిక్కిపడి లేచేవాడు.

పోయిన ఏడాది సేటు కింది కార్ఖానా ఎత్తేశాడు. బాపుకు పనితో పాటే నిద్రా పోయింది. కాలుగాలిన పిల్లిలా వంటింట్లోంచి వీధివైపు గ్యాలరీకి, గ్యాలరీ నుంచి వంటింట్లోకి ఒకటే తిరుగుడు. చీరల ఎంబ్రాయిడరీకి కంప్యూటర్లో డిజైన్లు చేసే పని నాది, ఇంట్లో కూర్చునే. ఆయన నా వెనక నుంచి పోయినప్పుడల్లా గీత తప్పేది. "జర కూసో బాపూ!" అని అరిచేదాన్ని. కూర్చునేవాడు, మోకాలు మాత్రం ఊగుతూనే ఉండేది. చూసి చూసి నా మోకాలూ ఊగడం మొదలుపెట్టింది.

ఒకరోజు అన్నాడు: "సచిన్ దిక్కు కార్ఖానల సాంచాల పని దొరికింది. సోమవారం నుంచి పోత."

అమ్మ ముఖం మాడిపోయింది. బాపు చూపు అప్పటికే మసకబారింది. కింది కార్ఖానాలోనే తెగిన పోగు పట్టబోయి వేళ్లు నలగ్గొట్టుకున్నాడు.

"కండ్లు సక్కగ కనవడయి, ఏం సాంచాలు నడుపుతవ్?" అంది అమ్మ.

"ఆడ చప్పుడుంటదే. చెవుల నిండ చప్పుడుంటె ఇంటికొచ్చినంక నిద్రొస్తది."

"నిద్రే గద గావాలె? సోమవారం దాక ఆగు. నేను దెస్త నిద్ర."

అమ్మ ధీమా అంతా గ్యాలరీలోని రంగు డబ్బాలో ఉంది. సిరిసిల్ల నుంచి తడిగుడ్డలో చుట్టి బస్సులో తెచ్చుకున్న మాచిపత్రి అది. ఆకు పైన పచ్చన, అడుగున బూడిద రంగు. కొరికితే చేదు, నలిపితే ఘాటు, ఆ వాసన చెయ్యి కడిగినా పోదు. వినాయక చవితికి పత్రిలోకి, బట్టల పెట్టెలో పురుగు పట్టకుండా, మా జడల్లో కనకాంబరాల మధ్యకి, అన్నిటికీ అదే. నీళ్లెక్కువైతే వేరు కుళ్లుతుందని వానాకాలమంతా డబ్బాను లోపలికీ బయటికీ మోసేది. దిండులో కూరితే నిద్ర పడుతుందని వాళ్లమ్మ చెప్పిందట.

"పెరటి చెట్టు మందుకు పనికిరాదంటరు," అని బాపు నవ్వాడు.

"ఇది పెరడా? గ్యాలరీ," అంది అమ్మ.

రెండు కొమ్మలు మాత్రం ఉంచి మిగతాదంతా కోసేసి, ఆకు దూసి నీడన ఆరబెట్టింది. ఇల్లంతా చేదు వాసన. నాకు ఒళ్లు మండిపోయింది. డాక్టరుకు చూపించడం మానేసి ఆకులేమిటి? సోమవారం దగ్గరపడేకొద్దీ బాపు వేళ్ల వంక చూడాలంటేనే భయమేసేది.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ దిండు కుట్టడం పూర్తి చేసింది. "ఎత్తు సరిపోయిందో లేదో చూస్త," అని మంచం మీద పెట్టి తల వాల్చింది. అంతే, నోరు తెరుచుకుని నిద్రపోయింది.

గ్యాలరీ నుంచి వచ్చిన బాపు గడపలోనే ఆగిపోయాడు. అమ్మ పగలు పడుకోవడం నేనెన్నడూ చూడలేదు. ఆయనకు పగటి షిఫ్టయితే చీకటితో లేచి అన్నం డబ్బా కట్టేది. రాత్రి షిఫ్టయితే పగలంతా నన్నూ గిన్నెలనూ అదుపులో పెట్టేది. సాంచాల మోతకు లేవని మనిషి నా మాటలకు లేస్తాడని ఆమె భయం.

నేను కుర్చీ జరిపితే కిర్రుమంది. బాపు కళ్లెర్రజేశాడు.

"మెల్లగ!"

మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. మోకాలు ఊగింది. రెండు చేతులతో పట్టుకుని ఆపుకున్నాడు.

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. సచిన్ కార్ఖానా నుంచి, రేపటి పని సంగతి ఖాయం చేసుకోవడానికి. గబుక్కున కట్ చేశాడు. మళ్లీ మోగింది. ఈసారి స్విచాఫ్ చేసి జేబులో పెట్టుకున్నాడు.

ఆ చప్పుడుకు అమ్మ సగం కళ్లు తెరిచి దిగ్గున లేవబోయింది.

"అయ్యో, టైమయిందా? డబ్బ కట్టలే..."

బాపు ఆమె భుజం పట్టి మళ్లీ దిండు మీదికి వాల్చాడు.

"డ్యూటీ లేదు ఇగ," అన్నాడు. "పండుకో."