గోడకవతల నల్ల హాలీహాక్

మా యారాలింటి గోడ మీదుగా ఆ పూలు తలెత్తిన రోజు నుంచి నాకు తిన్న అన్నం ఒంటబట్టలేదు. యారాలంటే మా ఆయన అన్న భార్య. గద్వాలలో మావి పక్కపక్క ఇళ్ళు, మధ్యలో భుజాలెత్తు గోడ. ఆమె వేసింది హాలీహాక్. ఆకు బెండాకులా ఉంటుంది, నిటారు కాడ, ఆ కాడ పొడవునా కింది నుంచి పైకి వరసగా పూలు. శివరాత్రికల్లా గోడ దాటి పెరిగాయి. అన్నీ గులాబీ, తెలుపు. ఒక్క చెట్టు మాత్రం నల్లటి ఎరుపు, నేరేడుపండు నలిపితే అంటుకునే రంగు. దారినపోయేవాళ్ళు బండ్లు ఆపి మరీ ఫొటోలు తీసుకున్నారు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా పెరట్లో ఏం పూసిందని ఒక్కనాడూ అడగని మా ఆయన, పళ్ళు తోముకుంటూ ఆ గోడ దగ్గర నిలబడి, "జర ఇటు రా, వదినె పూలు ఎట్ల పూసినయో చూద్దువు" అన్నాడు. నేను వెళ్ళలేదు. పొయ్యి దగ్గరే కూచుని కుళ్ళుకున్నాను.

కుళ్ళు లేదని అబద్ధమెందుకు? ఆమె చేస్తే జొన్నరొట్టె విరగదు, పచ్చడి బూజు పట్టదు. పూలయినా నాకు వదిలేయాల్సింది. పువ్వు పని ఆమెకేం తెలుసు? గట్టు ఊరి దగ్గర మా పుట్టింటివాళ్ళు విత్తనాల కోసం వేసే సీడు పత్తిలో ఏళ్ళ తరబడి క్రాసింగ్ చేసినదాన్ని నేను. సాయంత్రం ఆడ వరస మొగ్గను గోటితో ఒలిచి దాని పుప్పొడి తీసేయాలి, పొద్దున్నే మగ వరస పువ్వు తెచ్చి దానికి అద్దాలి, గుర్తుకి దారం కట్టాలి. నా చేతుల మీదుగా ఎన్ని పూలు పోయాయో లెక్కలేదు.

ఎండలు ముదిరి ఆ చెట్లు ఎండిపోయాక, సిగ్గు చంపుకుని అడిగాను.

"అక్కా, ఆ నల్లదాని విత్తులు జర ఇయ్యరాదు."

"గదెంత పని పిల్లా" అని కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది.

దసరా వెళ్ళాక వేశాను. నిలువుగా వేరు దిగే మొక్క, పీకి నాటితే తట్టుకోదని విత్తు నేరుగా నేలలోనే పెట్టాను. కింది ఆకుల వెనక తుప్పు మచ్చలు కనబడగానే తుంచి కాల్చేశాను. గాలికి వాలకుండా కందికట్టెలు పాతి కట్టాను. కన్నబిడ్డలకు కూడా అంత చాకిరీ చేయలేదేమో. తీరా పూసేసరికి, ఒకటి గులాబీ. రెండోది గులాబీ. వరసంతా లేత గులాబీ.

నేరుగా గోడ దగ్గరికి పోయాను. "నల్లయని చెప్పి గులాబీయి ఇస్తివి గదక్కా! నా ఇంట్ల ఒక్క మంచి పువ్వు పూస్తే నీదేం పోతుండె?"

ఆమె చేతిలోని చీపురు అట్లాగే ఆగిపోయింది. "ఏందే పిల్లా, నల్లదాని విత్తులు అన్నీ నీకే ఇస్తి గద. నాకు ఒక్కటి గూడ ఉంచుకోలే."

నేను నమ్మలేదు. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. ఆ ఏడు ఆమె వైపు కూడా నలుపు కనబడలేదు. నల్లవి దాచుకున్న దొంగకు తగిన శాస్తి అయిందని లోపల సంబరపడ్డాను.

ఒక పొద్దున బట్టలు ఉతుకుతుంటే, ఒళ్ళంతా పుప్పొడి పూసుకున్న తుమ్మెద ఒకటి నా పువ్వులోంచి లేచి, గోడ దాటి ఆమె పువ్వులో దూరింది. ఉతికే బట్ట బండ మీదే వదిలేసి గోడ దగ్గరికి పోయాను. విప్పారిన పువ్వును వదిలేస్తే దాని విత్తు ఏ రంగు పూస్తుందో ఎవరూ చెప్పలేరు. పత్తిలో మేము చేసే చాకిరీ అంతా అందుకే కదా! నల్లదాని విత్తుల్లో గులాబీ ఎప్పుడో కలిసిపోయింది. ఆమె నిజంగానే అన్నీ నాకే ఇచ్చేసింది. చదువురాని కూలీకి కూడా తెలిసిన సంగతి, కుళ్ళులో పడి నేనే మరిచాను.

ఆ వారంలోనే, బట్టలబండ పక్కన ఆలస్యంగా ఎదిగిన చివరి మొక్క పూసింది. నలుపు. తుమ్మెద ముట్టకుండా, విచ్చకముందే మొగ్గ మొగ్గకూ దారం బిగించి, పొద్దున విప్పి దాని పుప్పొడి దానికే అద్ది మళ్ళీ కట్టాను. గుప్పెడు విత్తులు వచ్చాయి. అందులో సగం పొట్లం కట్టుకుని యారాలింటికి పోయాను.

"తప్పయింది అక్కా. తుమ్మెద ముట్టకుండ కట్టిన. శానా మట్టుకు నల్లయే వస్తయి."

ఆమె పొట్లం అందుకుని, "నీ కోపం నాకు తెల్వదా పిల్లా, కూసో, చాయ్ పెడత" అంది. ఒక్క మాట దెప్పలేదు. దెప్పితే బాగుండేది. క్షమించడంలో కూడా ఆమెదే పైచేయి అయింది.

మొన్న దసరా తర్వాత ఆమె వాటిని గోడ వెంబడే వేసింది. రోజూ బండ ఎక్కి చూసేదాన్ని. మొలకెత్తాలని మనసారా కోరుకున్నాను, మొలిచాయి. నల్లగా పూయాలని మాత్రం ఇంకా కోరుకోలేకపోతున్నాను.